చప్పుడు లేని ఆటో

ఎనిమిదేళ్ల కిందట ఆటో స్టాండులో మా మేనమామ బండి సీటు వెనక కిరసనాయిలు డబ్బా దొరికింది. పెట్రోల్లో కిరసనాయిలు కలిపి తోలుతున్నారని, పొగకి ఊపిరాడటం లేదని ఎవరో ఫిర్యాదు చేస్తే అధికారులు తనిఖీకి వచ్చారు. డబ్బా నిజానికి స్టాండు సెక్రటరీ బావమరిదిది. జీపు మలుపు తిరగడం చూసి, దాన్ని పక్కనున్న ఖాళీ ఆటోలోకి తోసేశాడు. మావయ్య ఆ సమయంలో టీ కొట్టు దగ్గర ఉన్నాడు. తోయడం పదిహేనుమంది చూశారు. ఆ పదిహేనుమందీ సాయంత్రం మీటింగులో తమ చెప్పుల వంక చూస్తూ కూర్చున్నారు.

"నీ బండిలో దొరికింది. ఏమంటావ్?" అన్నాడట సెక్రటరీ.

"నాది కాదు."

"మరెవరిదో చెప్పు."

మావయ్య చెప్పలేదు. నోట్లో నాలుక లేని మనిషి. ఏడాదిపాటు బళ్ల వరసలో ఆఖరున నిలబడాలని శిక్ష వేశారు. స్టాండులో ఒక పద్ధతుంది. ముందున్న బండి బేరం ఎక్కించుకుని కదలగానే, వెనకవాళ్ళు పెట్రోలు వృథా కాకుండా ఇంజను ఆపే ఉంచి, బండిని చేత్తో తోసుకుంటూ ఒక్కో స్థానం ముందుకి జరుగుతారు. మావయ్య మాత్రం ఎవరొచ్చినా వాళ్ళ వెనక్కి పోవాలి. ముందుకి తోసినంత సేపూ వెనక్కీ తోసేవాడు. పైగా "కిరసనాయిల్" అని పేరు పెట్టారు. సొంత పేరు కంటే తొందరగా అంటుకుందది.

వారం రోజులు అలా తోసి, ఎనిమిదో రోజు స్టాండు మొహం చూడటం మానేశాడు. స్టాండువాళ్ళు పట్టించుకోని వెనక సందుల్లో తనే ఒక చుట్టు వేసుకున్నాడు. స్కూలుకి వెళ్లే టీచరమ్మ, ఆస్పత్రి నర్సు, కాలు సరిగా నడవని టైలరు, ఇంకో ముగ్గురు. రోజూ అదే దారి, అదే వేళ. వాళ్ళలో ఎవరి దగ్గరా ఆయన ఫోను నంబరు లేదు. అక్కర్లేకపోయింది. ఆ ఆటో సైలెన్సరుకి చిల్లు ఉండేది. ఎన్నిసార్లు అతికించినా మళ్ళీ ఊడేది. రెండు వీధుల అవతల ఉండగానే డబడబమని వినపడేది. నర్సు జడ చివర రబ్బరు బ్యాండు వేసుకునేది, టైలరు చేతికర్ర అందుకునేవాడు, ఆటో వచ్చేసరికి అందరూ గేటు దగ్గర ఉండేవాళ్ళు.

కిందటేడు పెట్రోలు ఆటోలు తీసేసి బ్యాటరీ ఆటోలు తీసుకోవాలని ఆర్డరు వచ్చింది. పాత బండి అప్పగిస్తే తుక్కు యార్డులో నలిపేస్తారు, కొత్తది చేతికిస్తారు. ఎవరూ అప్పగించకూడదని స్టాండులో తీర్మానం చేశారు. మావయ్యకి ఆ తీర్మానంతో ఏం పని? వెళ్లి ఇచ్చేశాడు. కొత్త బండి ఎక్కి స్టాండు ముందునుంచి వస్తుంటే సెక్రటరీ రోడ్డుకి అడ్డంగా వచ్చాడు.

"ఏం కిరసనాయిల్, కరెంటు మీదకి మారావా? చూస్తాం, నీ బండి ఎవరెక్కుతారో!"

ఆ మాట మావయ్య మనసులో గుచ్చుకుంది.

మొదటి రోజు పొద్దున టీచరమ్మ గేటు ముందు ఆగాడు. ఎవరూ రాలేదు. కాసేపు చూసి నర్సు ఇంటికి వెళ్లాడు. అక్కడా తలుపు తెరుచుకోలేదు. టైలరు ఇంట్లో రేడియో మోగుతూనే ఉంది, మనిషి బయటికి రాలేదు. ఆరిళ్ల ముందూ ఆగి, ఖాళీ సీట్లతో తిరిగి వచ్చాడు. ఎవరింటి తలుపైనా తట్టాడా? తట్టలేదు. తలుపు తట్టి అడగడం ఆయనకి చేతకాని విద్య. రెండో రోజూ అంతే. మూడో రోజు బండి తియ్యలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు సాయంత్రం నేను వెళ్లాను. అత్తయ్య కూరలు తరుగుతోంది.

"మీ మావయ్యని అందరూ వెలేశారట" అంది. "నేనొక్కదాన్నే మిగిలాను. నాకు వేరే దారి లేదుగా."

"ఆ సెక్రటరీ ఇల్లిల్లూ తిరిగి చెప్పుంటాడు" అన్నాడు మావయ్య గోడతో. "పాత బండి నలిపేశారు. ఇంక తిరిగి తెచ్చుకుందామన్నా లేదు."

నాకు రక్తం ఉడికింది. మనుషుల గురించి నాకు ముందునుంచీ గొప్ప అభిప్రాయం లేదు. ఎనిమిదేళ్లు ఎక్కించుకుని తిప్పినవాణ్ణి ఒక్క మాటకి వదిలేశారంటే నమ్మడానికి ఏ ఇబ్బందీ కలగలేదు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో టీచరమ్మ కనిపించింది. నడిచి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"ఏమయ్యా, బతికే ఉన్నావా?"

మావయ్య గబుక్కున లేచి కూర్చున్నాడు. "ఉన్నానమ్మా."

"మరి ఒక కబురైనా చెయ్యవా? మూడు రోజుల్నుంచి చెప్పులేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంటున్నాను. మూడు రోజులూ స్కూలుకి ఆలస్యం. ఈ వయసులో హెడ్మాస్టరు చేత చీవాట్లు తినిపించావు!"

"నేను వచ్చానమ్మా."

"ఎప్పుడొచ్చావు?"

"మొన్నా, నిన్నా. ఎనిమిదింపావుకి. మీ గేటు ముందే ఆగాను."

"నాకు చెవుడనుకున్నావా? నీ బండి వస్తే మా గిన్నెలు కూడా అదురుతాయి. ఏదీ, ఒక్క గిన్నె కదల్లేదే!"

"కొత్త బండమ్మా" అన్నాడు మావయ్య మెల్లిగా. "దీనికి చప్పుడుండదు."

ముందు అత్తయ్య నవ్వింది. కత్తిపీట పక్కకి నెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. "నాకు తట్టనేలేదు చూడండి! మొన్న ఈయన ఎప్పుడొచ్చారో తెలీదు, వెనక్కి తిరిగితే దొంగలా నిలబడున్నారు. గుండె ఆగినంత పనైంది."

"అయితే మీరు కోపంతో మానెయ్యలేదా?" అన్నాడు మావయ్య.

"మానేస్తే నీ మొహం మీదే చెప్పేదాన్ని. నాకేం భయం?" అంది టీచరమ్మ.

నర్సూ, టైలరూ కూడా అలాగే చెవులు రిక్కించుకుని కూర్చున్నారని మర్నాడు తెలిసింది. రెండురోజులు హారను కొట్టి చూశాడు. టైలరు పక్కింట్లో రాత్రి డ్యూటీ చేసి పడుకున్నాయన కిటికీలోంచి చెప్పు విసిరాడు. అప్పుడు టీచరమ్మే అంది: "నోరుందిగా, పిలువు."

ఎనిమిదేళ్లుగా ముక్తసరిగా తప్ప మాట్లాడని మనిషి. మొదటిసారి పిలిస్తే దగ్గు వచ్చిందట. రెండోసారి "టీచరమ్మా" అన్నది మూడిళ్ల అవతలికి వినపడింది. వారంలో ఆ గొంతుకి అలవాటు పడ్డారు, ఆయనా పడ్డాడు. "టైలరుగారూ, కర్ర మర్చిపోకండి", "నర్సమ్మా, జడ బండిలో వేసుకో, ఎక్కు." ఇంజను రొద లేదు కాబట్టి లోపల ఆరుగురూ ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడేలా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎనిమిదేళ్లు పక్కపక్కన కూర్చున్న నర్సుకీ టైలరుకీ ఒకే ఊళ్లో చుట్టాలున్నారని ఇప్పుడు బయటపడింది. మావయ్య ఎడమ చెయ్యి మాత్రం లేని క్లచ్చి కోసం ఇంకా తడుముకుంటుంది. అది చూసి టైలరు రోజూ వెక్కిరిస్తాడు.

గడువు దగ్గర పడేసరికి స్టాండువాళ్ళ తీర్మానం చల్లబడింది. ఒక ఆదివారం సెక్రటరీ మావయ్య ఇంటికే వచ్చాడు. వంతెన ఎత్తు ఎక్కుతుందా, వానలో తడిస్తే ఏమవుతుంది, రోజుకి ఎన్నిసార్లు చార్జింగు పెట్టాలి, అన్నీ అడిగాడు. మావయ్య బండి దగ్గరికి తీసుకెళ్లి, సీటెత్తి చూపించి, ఓపిగ్గా చెప్పాడు. ఒక చుట్టు తోలనిచ్చాడు కూడా. సెక్రటరీ కుడి చేతి హ్యాండిల్ గట్టిగా తిప్పితే బండి ఎగిరి పిట్టగోడ దాకా పోయింది. "మెల్లిగా బాబూ, ఇది బలిసిన గిత్త కాదు, చెప్పిన మాట వింటుంది" అన్నాడు మావయ్య. నేనైతే ఆ సెక్రటరీకి గేటు కూడా తీసేవాణ్ణి కాదు.

కిందటి వారం మావయ్య వీధిలో ఎదురుపడ్డాడు. బండి పక్కకి తీసి ఆపాడు. కడుపులో ఉన్నది అడిగేశాను.

"ఆ మనిషి నిన్నంత పని చేస్తే, ఇంటికొచ్చినప్పుడు ఒక్క మాటైనా అడగాలనిపించలేదా మావయ్యా?"

ఆయన వాచీ చూసుకున్నాడు.

"ఎనిమిదింపావు కావస్తోందిరా. టీచరమ్మ గేటు దగ్గర నిలబడుంటుంది. ఎక్కుతావా, దారిలో మాట్లాడుకుందాం?"