తాతయ్య గోడకేసి తిప్పిన అద్దాల బీరువా

డెబ్బయిల్లో గవర్నర్‌పేటలో అద్దం లేని చోటు వెతికినా దొరికేది కాదు. కిళ్ళీ కొట్టుకు అద్దం, సోడా బండికి అద్దం, మంగలి షాపులో ఎటు తిరిగినా అద్దాలే. లేనిదల్లా మా ఇంట్లోనే. మా తాతయ్య చర్చి పాస్టరు. అద్దం అతిశయానికి పుట్టిల్లని ఆయన సిద్ధాంతం. ఇల్లు మొత్తానికి ఒక అరచేతి అద్దం పెరట్లో మేకుకు వేలాడేది, అదీ సరిగ్గా ఆయన గడ్డం ఎత్తున. గడ్డం గీసుకోవడానికని పేరు. శనివారం సాయంత్రాలు దాని ముందు నిలబడి, కనుబొమలు ఎగరేస్తూ, మర్నాటి ప్రసంగం సాధన చేసేవాడు. ప్రసంగం ఎక్కువగా అతిశయం మీదే ఉండేది.

మిగతా వాళ్ళం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసిపెట్టుకుంటూ బతికాం. అమ్మ పాపిడి అత్త తీసేది, అత్త పాపిడి అమ్మ తీసేది. చర్చికి బయల్దేరే ముందు వసారాలో నిలబడితే నాయనమ్మ తనిఖీ చేసి, చెవి కింద పౌడరు తుడిచి పంపేది.

అత్త, అంటే తాతయ్య చివరి కూతురు, ఉయ్యూరు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. చిన్నప్పుడు మశూచి వచ్చి తగ్గింది గానీ ముఖం నిండా మచ్చలు మిగిలాయి. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త తన జీతంతో కొన్న నిలువుటద్దం బీరువా ఇంట్లో దిగింది. చీరలన్నీ అందులో సర్దుకుని చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తాతయ్య మా నాన్న చేత బీరువాను గోడకేసి తిప్పించాడు. అద్దంతోపాటు తలుపు కూడా గోడవైపే పోయిందని తిప్పాక గానీ తెలియలేదు. ఎదుటివాళ్ళ చేత తప్పులు ఒప్పించడం అలవాటైన మనిషికి తన తప్పు ఒప్పుకోవడం ఎక్కడొస్తుంది? బీరువా అలాగే ఉండిపోయింది.

అత్త గొడవ పడలేదు. ఒంటిమీదున్న ఆకుపచ్చ చీరనే ఉతుక్కుంటూ అదే కట్టుకుని వారమంతా స్కూలుకు వెళ్ళింది. "పాస్టరుగారి అమ్మాయికి ఇంకో చీర లేదటండీ?" అని పక్కింటావిడ నాయనమ్మను అడిగాక తాతయ్యకు చురుక్కుమంది.

శుక్రవారం భోజనాల దగ్గర కదిపాడు. "అమ్మాయ్, మనకెందుకే అద్దం?"

"మిర్రర్ అనే మాట ఎక్కడిదో తెలుసా నాన్నగారూ?" అంది అత్త, క్లాసులో పాఠం చెప్పినట్టు. "ఆశ్చర్యపోయి చూడటం అనే లాటిన్ మాటలోంచి పుట్టి, ఫ్రెంచి వాళ్ళ మీదుగా ఇంగ్లీషుకొచ్చింది. మిరకిల్ దీని తోబుట్టువే. మీరేమో ఏడాది పొడుగునా అద్భుతాల గురించి చెబుతారు, దాని చెల్లెల్ని గడప తొక్కనివ్వరు."

"దొరల మాటలు నాకెందుకు, మన అద్దం సంగతి చెప్పు."

"మన అద్దం సంస్కృతంలో ఆదర్శం. జనం నోళ్ళలో నలిగి అద్దమైంది. ఆదర్శ కుటుంబం, ఆదర్శ కుటుంబం అని వారం వారం మీరే అంటారుగా."

నాయనమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తాతయ్య నవ్వలేదు. కంచం వైపే చూస్తూ, "అతిశయం కాదే తల్లీ," అన్నాడు. "జబ్బు తగ్గాక నీ ముఖం నువ్వు చూసుకుంటే ఏమైపోతావోనని ఇంట్లో అద్దాలు తీసేశాను. మళ్ళీ పెట్టే ధైర్యం లేకపోయింది."

మేమంతా నోళ్ళు వెళ్ళబెట్టాం. అన్నేళ్ళ ప్రసంగాలూ అందుకన్నమాట.

"నాకు ఏడో ఏటే తెలుసు నాన్నగారూ," అంది అత్త. "అమ్మతో బస్టాండుకు వెళ్ళినప్పుడు కిళ్ళీ కొట్టు అద్దంలో చూసుకున్నా. మచ్చలకి ఏడ్చింది ఆ ఒక్క పూటే. ఇంటికొస్తే ఇక్కడ అద్దమే లేదు. నాన్నగారు కూడా చూడలేని ముఖమా నాది అని, ఆ ఏడుపు మాత్రం ఇంకా ఉంది."

తాతయ్య ఎంగిలి చేత్తోనే లేచి బీరువాను తిప్పబోయాడు. ఆయన వల్ల కాలేదు. అందరం తలో చెయ్యీ వేశాం.

మర్నాడు సాయంత్రం ఆయన పెరట్లోకి వెళ్ళలేదు. నిలువుటద్దం దగ్గరికొచ్చి, కనుబొమలు సవరించుకుని, "జరుగమ్మా, రేపటి ప్రసంగం ఉంది," అన్నాడు. అత్త తన పాపిడి తానే తీసుకుంటోంది. మొదటిసారి కదా, బందరు కాలవలా వంకర తిరిగింది. చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది.

"నాది అయ్యేదాకా ఆగండి నాన్నగారూ."

ఆయన ఆమె వెనకే, అద్దంలో ఇద్దరూ కనబడేలా నిలబడి, ఆగాడు.