పన్నెండో రెయిన్‌కోటు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూసి నవ్వేవాళ్లలో నేనొకణ్ని. అనంతపురంలో హాస్టల్ వెనకే శ్మశానం ఉండేది. పరీక్షల రోజుల్లో ప్రశాంతంగా ఉంటుందని ఆ గోడమీద కూర్చుని చదువుకునేవాణ్ని. ఇప్పటికీ నేను చూసినదాన్ని దెయ్యం అనడానికి నోరు రాదు. ఏమనాలో తెలియదు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇన్నేళ్లూ రాయకపోవడానికి కారణం భయం ఒక్కటే కాదు. ఇది చెప్పాలంటే ఆ రోజు నేను చేసిన పని కూడా చెప్పాలి.

2004 అక్టోబరు. అప్పుడు నేను బేసింగ్‌స్టోక్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ని. ఒక శనివారం తెలుగువాళ్లం పన్నెండుమందిమి మూడు కార్లలో డార్ట్‌మూర్‌కు వెళ్లాం. ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న నేషనల్ పార్కు అది. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. కొండలనిండా గడ్డి, ఆ గడ్డి మధ్య ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న గ్రానైటు గుట్టలు. వాటి చుట్టూ తిరిగి మళ్లీ కారు పార్కుకే వచ్చే ఎనిమిది మైళ్ల దారి. మరీ తేలిక కాదు, మరీ కష్టమూ కాదు.

ఏర్పాట్లన్నీ శేఖర్‌వి. కాకినాడవాడు, నా ఆఫీసులోనే పనిచేసేవాడు. పిక్నిక్‌కు కూడా ఎక్సెల్ షీటు వేసే మనిషి. పొగమంచులో ఎవరూ తప్పిపోకుండా అందరికీ ఒకేరకం రెయిన్‌కోట్లు కొన్నాడు. తలమీంచి తొడుక్కునే పల్చటి ప్లాస్టిక్‌వి, నిమ్మపండు పసుపు. పన్నెండు ప్యాకెట్లు.

మాలో పెద్దవాడు రత్నం అంకుల్. బాపట్ల ఆయనది. అరవైకి దగ్గర పడ్డారు. బేసింగ్‌స్టోక్‌లోనే వృద్ధుల్ని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో నర్సు. నేను కొత్తగా వచ్చినప్పుడు ఫ్లాటు దొరికేదాకా మూడు వారాలు వాళ్లింట్లోనే తిన్నాను. ఆ శనివారం నైట్ డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా వచ్చి కారెక్కారు. వెనక సీట్లో దారంతా నిద్రపోయారు.

కారు పార్కులో శేఖర్ రెయిన్‌కోట్లు పంచుతుంటే అంకుల్ టాయిలెట్‌కు వెళ్లారు. శేఖర్ నా చేతిలో రెండు ప్యాకెట్లు పెట్టాడు.

"అంకుల్‌ది నీ దగ్గరుంచు గురూ. ఈ రోజు తోక నువ్వే. నేను మ్యాప్ పట్టుకుని ముందుంటా. నీ వెనకాల మాత్రం ఎవరూ ఉండకూడదు, అంతే."

సరేనన్నాను. రెండు ప్యాకెట్లూ బ్యాగులో వేసుకున్నాను.

నిజం చెప్పాలి, ఆ పని నాకు ఇష్టం లేదు. ముందు నడిచేవాళ్లు వీసాల గురించి, ఇళ్ల గురించి, ఏ కంపెనీలో మనుషుల్ని తీసుకుంటున్నారో దాని గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు అవి కావాలి. నేనేమో వెనక, నాలుగడుగులకోసారి ఆగే మనిషితో. ఆయన ప్రతి రాయినీ చేత్తో తడిమి చూసేవారు.

"మీ అనంతపురం రాళ్లన్నీ ఇక్కడికి ఎవరు మోసుకొచ్చారయ్యా మోహనూ?"

"మేమే తోలించినాం అంకుల్. కొంచెం తొందరగా నడవండి."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

పన్నెండున్నరకు రెండో గుట్ట దగ్గర భోజనాలు. ఆంటీ శేఖర్‌కిచ్చి పంపిన పులిహోర అందరం తిన్నాం. బయల్దేరే వేళకు పొగమంచు దిగింది, వెంటనే సన్నగా వాన. ముందువాళ్లు పసుపు కోట్లు తొడుక్కుని కదిలారు. నేనూ నాది తొడుక్కున్నాను. అంకుల్ రాతిమీద కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నారు. ఒంటిమీద ముదురు నీలం జాకెట్టు.

"నువ్వు పద అబ్బాయ్. నీ వెనకాలే వచ్చేస్తా."

నా వెనక ఎవరూ ఉండకూడదు. అది తెలిసే నేను ముందుకు కదిలాను. బ్యాగులో ఉన్న రెండో ప్యాకెట్ గుర్తు కూడా రాలేదు.

పది నిమిషాలు నడిచాక వెనక్కి చూశాను. ముప్ఫై నలభై అడుగుల దూరంలో, పొగమంచులో పసుపు కోటు. హమ్మయ్య అనుకున్నాను. వేగం పెంచి ముందువాళ్లను కలుసుకున్నాను. కాసేపయ్యాక మళ్లీ చూశాను. అంతే దూరంలో ఉంది. అంకుల్ ఇంత వేగంగా నడవగలరా అనుకుని ఆశ్చర్యపోయాను గానీ, నాకు లోపల సంతోషంగానే ఉంది. ఆగాల్సిన పని లేదు.

ఒక రాతి గోడకు గేటు ఉన్నచోట శేఖర్ అందరినీ ఆపి వేలు పెట్టి లెక్కపెట్టాడు. నేను గేటుకు ఇవతల, అందరికన్నా చివర ఉన్నాను. నా వెనక కొంచెం దూరంలో ఆ పసుపు కోటు ఆగి నిలబడింది.

"నాతో కలిపి పన్నెండు. పదండి" అన్నాడు శేఖర్.

నేను వెనక్కి తిరిగి, "అంకుల్, బాగానే ఉన్నారా?" అని అరిచాను. జవాబు రాలేదు. చెయ్యి ఎత్తలేదు. తలమీద ముసుగు ముందుకు వేలాడుతోంది, ముఖం కనబడలేదు. తొందరపెట్టానని కోపం వచ్చిందేమో అనుకున్నాను.

ఆ తర్వాత ఒక వాగు. రాళ్లమీద అడుగులు వేస్తూ దాటాలి. నేను దాటి, గట్టుమీద నిలబడి తిరిగి చూశాను. అది అవతలి గట్టున ఉంది. గాలి ఎంత బలంగా ఉందంటే నా రెయిన్‌కోటు జెండాలా టపటపా కొట్టుకుంటోంది. దాని కోటు కదలడం లేదు. అంచు కూడా కదలడం లేదు. నీళ్లమీదికి రాకుండా, వెనక్కి వెళ్లకుండా, నేను కదిలేదాకా అలా నిలబడే ఉంది.

అక్కడ రెండే పనులున్నాయి. వాగు తిరిగి దాటి దగ్గరకు వెళ్లి ముఖం చూడడం, లేదా నడిచిపోవడం. అది అంకులే అయితే, అరవయ్యేళ్ల మనిషికి ఒంట్లో బాగోలేదని అర్థం, వెళ్లి తీరాలి. కాకపోతే, అంకుల్ ఎక్కడున్నారో వెతకాలి. ఎలా చూసినా వెనక్కే వెళ్లాలి. నేను ముందుకు నడిచాను. పరుగులాంటి నడక. కారు పార్కు వచ్చేదాకా మళ్లీ తల తిప్పలేదు. వెనక అడుగుల చప్పుడు వినిపించలేదు గానీ, నా వెనక ఖాళీ లేదని మాత్రం తెలుస్తూనే ఉంది.

నాలుగింటికి కారు పార్కు చేరాం. శేఖర్ లెక్కపెట్టాడు. పదకొండు. మళ్లీ లెక్కపెట్టాడు.

"అంకుల్ ఏరి గురూ?"

"నా వెనకాలే ఉన్నారప్పా. వాగు దగ్గర చూసినా."

పావుగంట చూశాం. ఎవరూ రాలేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. ఒకరు కారులో దగ్గరి ఊరికి వెళ్లి ఎమర్జెన్సీకి ఫోన్ చేశారు. కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికే వాలంటీర్లు వచ్చారు. వాళ్ల పెద్ద ఒక నడివయసు ఆవిడ. చివరిసారి ఎక్కడ చూశారు, ఒంటిమీద ఏముంది అని అడిగింది. పసుపు రెయిన్‌కోటు, వాగు దగ్గర, మేం ఇక్కడికి చేరడానికి అరగంట ముందు అన్నాను. తను వాకీటాకీతో కార్ల దగ్గరే ఉండి, మిగతావాళ్లను వాగువైపు పంపింది.

తడి సాక్సులు మార్చుకుందామని నేను కారులో కూర్చుని బ్యాగు తెరిచాను. పొడి సాక్సుల కింద పసుపు రంగు ప్యాకెట్. సీలు తీయలేదు.

అంకుల్‌కు పసుపు కోటే లేదు. మిగతా పదకొండు కోట్లూ నా కళ్లముందే, కార్ల పక్కన, మనుషుల ఒంటిమీద ఉన్నాయి. అంటే వాళ్లు వెతుకుతున్నది తప్పు చోట. అంకుల్ రెండో గుట్ట దగ్గరే, ఆ వానలో, గొడుగైనా లేకుండా ఉన్నారు.

వెంటనే దిగి పరుగెత్తాలి కదా. నేను ఆ ప్యాకెట్‌ను మళ్లీ బ్యాగు అడుగుకు తోసేశాను.

చెబితే కోటు ఇవ్వలేదని తెలుస్తుంది. వదిలేసి వచ్చానని తెలుస్తుంది. వాళ్లే వెతికి పట్టుకుంటారులే అనుకున్నాను. అలా ఇరవై నిమిషాలు కూర్చున్నాను. బయట వెలుతురు తగ్గుతోంది. కారు అద్దం మంచుతో మసకబారింది. అవతల ఏదైనా నిలబడి ఉంటుందేమోనని తుడవడానికి చెయ్యి రాలేదు. ఆంటీకి ఫోన్ చెయ్యడానికి ఎవరు ఊరికి వెళ్లాలని శేఖర్ ఎవరినో అడగడం వినిపించింది. అప్పుడు దిగాను.

వాలంటీర్ల పెద్దావిడ దగ్గరకు వెళ్లి, నేను చూసింది ఆయన్ని కాదని, భోజనం చేసిన గుట్ట దగ్గరే వదిలేశానని చెప్పాను. ప్యాకెట్ సంగతి చెప్పలేదు. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. వాకీటాకీలో అందరినీ అటు పంపింది.

ఆరున్నరకు, ఇంకా కాస్త వెలుగుండగానే దొరికారు. రెండు బండల సందులో ముడుచుకుని ఉన్నారట. చలికి ఒళ్లు మొద్దుబారి, వణుకు కూడా ఆగిపోయింది. ఇంకో అరగంట అయితే లాభం లేకపోయేదని స్ట్రెచర్ మోసుకొచ్చినవాళ్లలో ఒకతను చెప్పాడు. నేను తినేసిన ఇరవై నిమిషాల విలువ నాకు అర్థమైంది.

అంకుల్ బతికారు. వారం ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికొచ్చాక చూడటానికి వెళ్లాను. మడమకు కట్టు, ఒళ్లో రగ్గు. ఆంటీ టీ పెట్టడానికి లోపలికి వెళ్తూ, "ఈయన మొండితనం నీకు తెలుసుగా నాయనా, ఆగిపోయింది తనే అంట. నువ్వు రమ్మని ఎంత పిలిచినా రాలేదంట" అంది. నేను తల దించుకున్నాను. అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

ఆంటీ వెళ్లాక ఆయన గొంతు తగ్గించారు.

"నిన్ను పిలిచానయ్యా. నువ్వు తిరిగి చూశావు కూడా."

"మీరు కనబళ్లేదంకుల్."

"ఎట్టా కనబడతా? నీకూ నాకూ మధ్య మనోళ్లెవరో నడుస్తున్నారుగా, పసుపు కోటేసుకుని. నువ్వు తిరిగినప్పుడల్లా సరిగ్గా నాకు అడ్డమొచ్చి నిలబడ్డాడు. ఇంతలో రాళ్లలో నా కాలు మడతపడింది. బాబూ అని కేకేశా. ఆగాడు. వస్తాడనుకున్నా. ఇటు తిరగను కూడా తిరగలేదు, నీ వెనకే వెళ్లిపోయాడు. ఎవరా అబ్బాయి?"

నా చేతిలో బిస్కెట్ ఉంది. దాన్ని తిరిగి ప్లేట్లో పెట్టాను.

"శేఖర్ అయ్యుంటాడు" అన్నాను.

"శేఖర్ ముందున్నాడుగా" అన్నారు. ఆంటీ టీతో వచ్చింది. ఇద్దరం తాగాం.

తర్వాత వాళ్లు బర్మింగ్‌హామ్ వెళ్లిపోయారు. ఇది రాయాలనుకున్నాక ఫోన్ చేసి అంతా చెప్పాను. ప్యాకెట్, కారులో కూర్చున్న ఇరవై నిమిషాలు, శేఖర్ అని ఆడిన అబద్ధం.

"కోటు సంగతి నాకు అప్పుడే తెలుసులే. రెండూ నీకే ఇచ్చానని శేఖర్ ఆసుపత్రిలోనే చెప్పాడు. ఇరవై నిమిషాలది మాత్రం తెలియదు." ఆ తర్వాత, "చెప్పావు. మంచిది" అన్నారు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

వేరే నడకవాళ్లెవరైనా అయ్యుండొచ్చని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కారు పార్కులో మా మూడు కార్లు తప్ప వేరేవి లేవు. అయినా ఎటునుంచైనా రావచ్చు. శేఖర్ లెక్క తప్పాడనీ అనుకోవచ్చు. వాడు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. ఆ గాలిలో కదలని కోటుకు నా దగ్గర జవాబు లేదు. అంతా నా భ్రమే అనుకుంటే, ముందునుంచి నేను చూసినదాన్నే వెనకనుంచి అంకుల్ కూడా ఎలా చూశారో దానికీ లేదు.

ముఖం కనబడకపోవడం కాదు నన్ను ఎక్కువ భయపెట్టేది. ముసలాయన కోసం ఆగాలని లేని నా వెనక, ఒక్కసారి కూడా ఆగాల్సిన అవసరం రానివ్వకుండా, సరిగ్గా నాకు కావలసిన వేగంతోనే అది నడిచింది.