మంగళవారం బల్ల

మొన్న ఆఫీసులో పక్క సీటాయన కూతురి కోసం కొన్న కార్డుల ప్యాకెట్‌ను నా ముందే చింపాడు. కొత్త అట్ట, రంగుల సిరా కలిసిన ఆ వాసన తగలగానే మేడ్చల్‌లోని సువర్ణక్క ఆఫీసు గుర్తొచ్చి, చేతిలో పని అలాగే ఆగిపోయింది.

సువర్ణక్క ప్లాట్లు అమ్మేది. మంగళవారం అడ్వాన్సు ఇచ్చేవాళ్లు ఉండరు కాబట్టి ఆ సాయంత్రం ఆఫీసు ఖాళీ. మేనల్లుడు హాస్టలుకు పోతూ వదిలేసిన కార్డుల పెట్టెను ముందేసుకుని ఆట తనే నేర్చుకుంది, వచ్చినవాళ్లందరికీ నేర్పింది. పేకాట అనుకుని వీధిలోవాళ్లు కిటికీలోంచి తొంగిచూసేవారట. బొమ్మల్లోని వీరులూ మృగాలూ తలపడే ఆట అది. ఎవరి కార్డుల కట్ట వాళ్లే కూర్చుకోవాలి. అరుదైన మెరుపు కార్డులు కొనగలిగినవాడిదే గెలుపు. అక్క వాటిని బల్ల మీదికి రానివ్వలేదు. ప్రతి ప్యాకెట్‌లో వచ్చే, జనం పక్కన పడేసే మామూలు కార్డులతోనే ఆడాలి. పైగా ఒక ఆట అయ్యాక ఇద్దరూ కట్టలు మార్చుకుని మళ్లీ ఆడాలి. ఇది పూర్తిగా ఆమె పెట్టిన పద్ధతి. కట్ట బాగాలేక ఓడిపోయానని ఎవరూ సాకు చెప్పడానికి ఉండేది కాదు.

అప్పుడు నేను ఉద్యోగం పోయి, శామీర్‌పేటలో మా అక్కాబావల ఇంట్లో ఉండేదాన్ని. ఎదురైన ప్రతివాళ్లూ ఇప్పుడేం చేస్తున్నావని అడిగేవాళ్లే. ఆ బల్ల దగ్గర ఎవరూ అడగలేదు. నా కాకినాడ మాట విని సువర్ణక్క ఆటపట్టించేది, అంతే. వారమంతా ఆ సాయంత్రం కోసమే బతికానంటే అబద్ధం కాదు.

ఒక మంగళవారం బౌరంపేట్ విల్లాల నుంచి ఒకాయన వచ్చాడు. ఎంతకాలంగానో అమ్ముడుపోని అక్క ప్లాట్లన్నీ తనే తీసుకుంటానన్న మనిషి. అక్క కూడా ఆ బేరం మీదే ఆశ పెట్టుకుంది. బల్ల మీద ఆట చూసి ముచ్చటపడి, తనకూ వచ్చంటూ కారులోంచి తన ఖరీదైన కట్ట తెచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. అక్క పద్ధతి చెప్పింది. ఆయన నవ్వి, తన కార్డులు ఇంకొకరి చేతికి ఇవ్వనన్నాడు. మంచి కార్డులున్నవాళ్లనే పిలిచి ఆడిద్దాం, ఖర్చు తాను చూసుకుంటానన్నాడు. నా వల్ల బేరం చెడుతుందేమోనని భయపడి నేను లేవబోయాను. అక్క భుజం పట్టి కూర్చోబెట్టింది.

"ప్లాట్ల ముచ్చట రేపు మాట్లాడుదం సార్, ఇయ్యాల మంగళారం. గీ బల్ల కాడ మాత్రం అందరికి ఒక్కటే."

ఆయన కట్ట జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఒక్కసారి ఆడనిస్తే ఏం పోయేదక్కా అన్నాను.

"ఆయిన కూసుంటే నువ్వు లేవాలె గద చెల్లె. గట్ల లేపుకుంట పోతే ఈడ ఎవరు మిగుల్తరు? నీ వంతు, వెయ్యి."

ఆయన మర్నాడు రాలేదు, మళ్లీ ఎన్నడూ రాలేదు. ఆ ప్లాట్లు చాలాకాలానికి, తక్కువ ధరకే పోయాయని తర్వాత విన్నాను. అక్క మాత్రం నా దగ్గర ఆ మాట ఎత్తనే లేదు.

ఆమె ఇప్పుడు లేదు. నేను నలుగురిలో నోరు విప్పలేని మనిషిని. ఈమధ్య మా ఆఫీసు భోజనాల గదిలో, పై అధికారులు వచ్చారని సెక్యూరిటీ అమ్మాయిని తింటున్న కంచంతో లేవమన్నారు. ఆ అమ్మాయిని కూర్చోమని, ఆమె లేవక్కర్లేదని వాళ్లకూ నేనే చెప్పాను. ఆ అమ్మాయి అన్నం పూర్తిగా తిన్నాకే లేచింది.