పూర్వజన్మల యాన్

చైనాలో మా సూచౌ పట్నం కాలువ వీధిలో యాన్ ఉపాసకుడు ఉన్నన్నాళ్లూ మాకెవరికీ మాంసం సహించలేదు. ఏ జంతువు కనబడినా, పూర్వజన్మలో అది ఎవరికి ఏమయ్యేదో చెప్పేసేవాడు. చెప్పి ఊరుకునేవాడా? కథగా రాసి, అచ్చు వేయించి వీధంతా పంచేవాడు. సన్యాసి కాదు, ఇల్లూ ఇల్లాలూ ఉన్న బుద్ధ భక్తుడు. వేళ్లకు ఎప్పుడూ సిరా మరకలే.

కొత్త సంవత్సరానికి నేనొక బాతును కొనుక్కొస్తుంటే ఎదురుపడ్డాడు.

"లువో, చంకలో ఎవరినయ్యా పెట్టుకున్నావు?"

"బాతునండీ."

"మీ మేనత్త."

"మా మేనత్త బతికే ఉందండీ."

"పోయిన జన్మ మేనత్త సంగతి నేను చెప్పేది. ఒకసారి కిందకి దించి, ఆ నడక చూడు."

చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆ బాతు మా ఇంట్లోనే ముసలిదై పోయింది. అది ఉన్నన్నాళ్లూ మా ఆవిడ దాని ముందు గొంతెత్తి మాట్లాడలేదు.

కసాయి గెంగ్ దగ్గర మాత్రం ఆయన పప్పులు ఉడకలేదు. పందిని చూపించి "మీ మామగారు" అంటే, గెంగ్ "అలాగా" అని హుషారుగా కత్తి నూరుకున్నాడు.

పట్టు వ్యాపారి దింగ్ ఇంట్లో లాన్ అనే పనిపిల్ల ఉండేది. గిన్నె జారినా, టీ చల్లారినా దింగ్ వెదురు బెత్తం తీసేవాడు. అడ్డుపడితే "నా ఇల్లు, నా బెత్తం" అని తరిమేవాడు.

ఒక మధ్యాహ్నం టీకొట్టు కిక్కిరిసి ఉంది. దింగ్ కూడా ఉన్నాడు. యాన్ లేచి కొత్త కథ చదివాడు. దింగ్ తల్లి కొడుకు మీద బెంగతో మళ్లీ పుట్టి, వాడింట్లోనే పనిపిల్లగా చేరిందట. జంతువును వదిలి, బతికున్న మనిషి పూర్వజన్మ గురించి ఆయన రాయడం అదే మొదలు.

దింగ్ మొహం పాలిపోయింది. "అయితే నేను కొడుతున్నది మా అమ్మనా?"

"ఈపాటికి వీధంతా చదివే ఉంటుంది నాయనా," అన్నాడు యాన్.

మర్నాడు దింగ్ లాన్ ముందు సాగిలపడ్డాడు. ఆ పిల్ల బెదిరిపోయి బల్ల కింద దూరింది. దింగ్ కూడా బల్ల కింద దూరి మళ్లీ సాగిలపడ్డాడు.

ఉండబట్టలేక యాన్‌ను అడిగాను. "నిజంగా వాళ్లమ్మేనాండీ?"

"ఎత్తిన జన్మలకు లెక్కుందా లువో? ఎప్పుడో ఒకప్పుడు అందరూ అందరికీ తల్లులే అయ్యుంటారు. నేను అబద్ధాలు రాయను."

"మరి ఏ జన్మలోనో రాయలేదేం?"

"సిరా అయిపోయింది."

ఆ చలికాలం దింగ్ దుకాణం ముందు నుంచి వెళ్తున్నాను. ఎత్తు కుర్చీలో కాళ్లూపుకుంటూ కూర్చున్న లాన్, "చెవులు కప్పుకోకుండా ఎక్కడికిరా బయల్దేరావు?" అంటోంది.

దింగ్ లోపలికి వెళ్లి, టోపీ పెట్టుకొచ్చి చూపించాడు.