పసుపు లైటుకి బొట్టుబిళ్ళ

ఈ పొద్దున నేనూ, మా ఆవిడ రమణమ్మా పెళ్ళివంట సరుకు వేసుకుని గిద్దలూరు నుంచి మార్కాపురం బయల్దేరాం. మా దుకాణం డీజిల్ వ్యాను నడిపేది తనే. సగం దారిలో ఇంజిన్‌లో తేడా ఉందని పసుపు లైటు వెలిగింది. అక్కడ పెళ్ళింట్లో వంటవాళ్ళు పొయ్యి వెలిగించి మా కోసమే చూస్తున్నారు.

వ్యాను అద్దానికి తను అంటించుకున్న బొట్టుబిళ్ళలు కనపడ్డాయి.

"అందులో ఒకటి తీసి ఆ లైటు మీద అంటించు. కనపడకుంటే సరిపోతుంది," అన్నాను.

తను బండి పక్కకు ఆపింది. "ఏందయ్యా, రాత్రి వానలో మూత లేకుండా పెట్టిన క్యాన్‌లో డీజిలేనా నువ్వు పోసినావు?"

తలూపాను. తను దిగి బానెట్ ఎత్తి, డీజిల్ ఫిల్టరు అడుగున ఉన్న మర వదులు చేసింది. ముందు నీళ్ళు కారాయి, తర్వాత డీజిల్. మర బిగించి స్టార్ట్ చేస్తే లైటు ఆరిపోయింది! చీర మీద ఒక్క మరక లేదు. సరుకు వేళకే చేరింది.

దిగేముందు అద్దం మీది బొట్టుబిళ్ళ ఒకటి పీకి నా చేతిలో పెట్టింది.

"ఇంకోసారి లైటు వెలిగితే, ఇది నీ నోటికి అంటించుకో."

బిళ్ళ ఇంకా జేబులోనే ఉంది. మీ ఇళ్ళలోనూ ఇట్లాంటి డ్రైవరమ్మలుంటే చెప్పండి, నేనైతే ఇవాళ్టికి నోరు తెరవను.