కాళ్ళకి నీళ్ళిచ్చిన మనిషి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. జీడిపిక్కలు రాలే రోజుల్లో వల్లకాడు పక్కనున్న మా తోటలో ఏళ్ళ తరబడి ఒంటరిగా కాపలా పడుకున్నవాణ్ణి. అక్కడ నాకు ఎదురైనవి రెండే: పిక్కలు ఏరుకుపోయే దొంగలు, అడవి పందులు. ఎవరైనా గాలి, ధూళి అని మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. నాలుగో తరగతితో బడి మానేసినా, దొరికిన ప్రతి కాగితమూ చదివి, ఎందుకు, ఎలా అని అడగడం నేర్చుకున్నాను. ఇప్పుడు చెప్పబోయే దాని విషయంలో కూడా అలాగే అడిగాను.

రెండువేల మూడో నాలుగో సంవత్సరం. మా తమ్ముడు కూర్మారావుకి కాళ్ళు పొంగడం మొదలైంది. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మందస దాటాక సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లె. మా వైపు కాళ్ళు పొంగితే దాని అర్థం ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. కిడ్నీలు. ఏ వీధిలో చూసినా ఒకరు ఉండేవారు. చెప్పుల్లో పాదం పట్టక, పట్టీ కోసేసి, ఆ చివరా ఈ చివరా కొబ్బరి పీచు తాడుతో వదులుగా కట్టుకునేవాళ్ళు. అలాంటి చెప్పులు ఒక గుమ్మం ముందు కనిపిస్తే ఆ ఇంట్లో రోగి ఉన్నాడని తెలిసిపోయేది. కూర్మారావు చెప్పులకి తాడు కట్టింది నేనే.

విశాఖపట్నం నుంచి ఒక డాక్టరు వారానికోసారి టెక్కలి వచ్చి చూస్తున్నాడని విన్నాం. తెల్లారగానే చీటీలు ఇచ్చేవారు. మా ఊరి మొదటి బస్సు వెళ్ళేసరికి అవి అయిపోయేవి. అందుకని ముందురోజే వెళ్ళి ఎక్కడైనా ఉండాలి. టెక్కలిలో మాకు చుట్టాలు లేరు. పొద్దు వాలకముందే బస్సు దిగి లాడ్జీ వెతుక్కుంటూ బయలుదేరాం.

మొదటి లాడ్జీలో మేనేజరు మా మొహం చూడలేదు. బల్ల మీంచి కిందికి వంగి తమ్ముడి కాళ్ళు చూశాడు. గదులు లేవన్నాడు. మేము మెట్లు దిగుతుండగా పెట్టె పట్టుకుని ఒకతను ఎక్కాడు. పలాసలో పిక్కల బేరానికి వచ్చిన పైరాష్ట్రం వ్యాపారి. అతనికి తాళం చెవి వెంటనే దొరికింది. పిక్కలు పండించినవాడు మెట్ల మీద, కొనుక్కుపోయేవాడు మేడ మీద.

రెండో చోట ముందుగా ఊరు అడిగారు. చెప్పాను. అంతే. అక్కడ ఊడుస్తున్న మనిషి నన్ను పక్కకి పిలిచి సంగతి చెప్పాడు. ఉద్దానం రోగులు ఒకరిద్దరు లాడ్జీ గదుల్లో పోయారట, పోలీసులు వచ్చారట, అప్పటినుంచి మా వైపు వాళ్ళకి గది ఇవ్వొద్దని అన్ని లాడ్జీల వాళ్ళూ అనుకున్నారట. వాళ్ళ భయం నాకు అర్థమైంది. నిలబడలేని మనిషికి ఓ బల్ల చూపించి కూర్చోమనడానికి కూడా మనసెందుకు రాలేదో, అది మాత్రం ఈనాటికీ అర్థం కాలేదు.

తమ్ముడు రోడ్డు పక్క అరుగు మీద కూలబడ్డాడు.

"ఇంటికెల్లిపోదాం అన్నియ్యా. సందలడితే ఆకరి బస్సు కూడా పోద్ది. ఇన్ని మాటలు పడి నాను బతకాలేటి?"

వాడు మొండివాడు. ఈసారి తిరిగి వెళ్తే మళ్ళీ ఏ డాక్టరు గడపా తొక్కడని నాకు తెలుసు. అప్పటికే మా వీధిలో ముగ్గురు అలాగే వెనక్కి వచ్చి, మంచం పట్టి, పోయారు. ఇంకొక్క చోట అడుగుతాను, అక్కడ కూడా కాదంటే నువ్వన్నట్టే చేద్దామని బతిమాలాను.

ఆ మూడో చోట అబద్ధం ఆడాను. మాది పాతపట్నం వైపనీ, మర్నాడు కోటబొమ్మాళి సంతలో ఎడ్లు కొనడానికి వచ్చామనీ చెప్పాను. తమ్ముడి చేత పంచె పాదాల మీదకి జారేలా కట్టించి, వెనకాల మెల్లగా రమ్మన్నాను. మేనేజరు పేర్లు రాసుకున్నాడు, డబ్బు పుచ్చుకున్నాడు. అంతా బాగానే ఉందనుకున్నాను.

అప్పుడు తమ్ముడు మా వాళ్ళెవరైనా చేసే పనే చేశాడు. గుమ్మం దగ్గర ఆగి, పంచె పైకెత్తి, చెప్పులు విప్పి పక్కగా పెట్టాడు. మా వైపు ఎవరి ఇంటి గడపైనా చెప్పులతో దాటం. అది లాడ్జీ అనీ, అక్కడ అందరూ చెప్పులతోనే తిరుగుతారనీ వాడికి తట్టలేదు. పీచు తాడు కట్టిన ఆ చెప్పులూ, మైనపు ముద్దల్లాంటి ఆ పాదాలూ మేనేజరు కళ్ళబడ్డాయి.

పుచ్చుకున్న డబ్బు తిరిగివ్వడం ఇష్టం లేక కాబోలు, పొమ్మనలేదు. ముందు ఇస్తానన్న గది మాత్రం మార్చేశాడు. మేడ మీద వెనక వైపు, ఎవరూ దిగని గది. మేము చూస్తుండగానే పనివాడు వచ్చి మంచం మీది పరుపు చుట్టి మోసుకుపోయాడు. దుప్పటి అడిగితే చాకలికి వేశామన్నాడు. కుళాయి తిప్పితే గాలి తప్ప నీళ్ళు రాలేదు.

తమ్ముడు సంచి ఒళ్ళో పెట్టుకుని ఆ మంచం చెక్క మీద కూర్చున్నాడు. వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్న మనిషి కూర్చునే తీరు అది.

నీళ్ళు పట్టుకొస్తానని చెప్పి కిందికి దిగాను. పెరట్లో తొట్టి నిండి పొర్లిపోతోంది. ఒక బకెట్ ఇమ్మన్నాను. మోటారు పాడైందన్నాడు మేనేజరు. తొట్టి వైపు చూపించాను. అప్పుడు అసలు మాట బయటికి వచ్చింది.

"ఉద్దానమోలని ముందే సెప్పాల గదా. రేపు గదిలో ఏటైనా అయితే పోలీసులకి నువ్వు సమాదానం సెప్తావేటి?"

మెట్ల మొదట్లోనే నిలబడి చాలాసేపు వాదించాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ మేడకి ఉన్నవి ఆ మెట్లే. నా వీపు వాటికి ఆనుకునే ఉంది. నన్ను దాటుకుని ఎవరూ పైకి వెళ్ళలేదు, ఎవరూ దిగలేదు. చివరికి ఖాళీ చేతులతో మెట్లెక్కాను. ఇంక తమ్ముణ్ణి తీసుకుని బస్టాండుకి పోవడమే అనుకున్నాను.

గది గుమ్మం ముందు నేల తడిగా ఉంది. లోపల తమ్ముడు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మోకాళ్ళ దాకా తడి. సంచి ఒళ్ళో లేదు, మేకుకి తగిలించి ఉంది. మంచం పక్కన ఒక కంచు చెంబు.

"ఎవులిచ్చినార్రా నీళ్ళు?" అన్నాను.

"మన వేపోడే అన్నియ్యా. మాట మనదే. కాలు కడుక్కో బావ అని చెంబు గుమ్మం కాడెట్టినాడు. పాపం, ఆయన కాళ్ళూ నాలాగే ఉన్నాయి. ఎడం సేతికి సిటికెనేలు లేదు."

ఏమైనా మాట్లాడాడా అని అడిగాను. తమ్ముడు పంచె అంచుతో కాళ్ళు తుడుచుకున్నాడు.

"డాక్టరు మంచోడేనంట. నువ్వు ఎల్లిపోకు, నానెల్లిపోనాను అన్నాడు. అలగనేసి గోడ పక్కమ్మట ఎల్లినాడు. రేపు సూపించుకుందాం అన్నియ్యా."

నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ మనిషికి దణ్ణం పెట్టుకుందామని బయటికి వచ్చాను. ఆ వరసలో మిగిలిన గదులన్నిటికీ తాళాలు వేసి ఉన్నాయి. డాబా తలుపుకి కూడా తాళమే, తుప్పు పట్టిన తాళం. తడి పాదాల గుర్తులు మా గుమ్మం దగ్గరినుంచి ఆ వసారా చివరి దాకా ఉన్నాయి. వెడల్పాటి పాదాలు, వేళ్ళు విడివిడిగా పడలేదు. వసారా చివర గోడ. అక్కడితో ఆగిపోయాయి. ఇంకా సరిగ్గా చీకటి కూడా పడలేదు, నా కళ్ళు బాగానే ఉన్నాయి.

అప్పుడు కూడా దయ్యం అనుకోలేదు. పనివాళ్ళలో దయగలవాడు ఎవడో మేనేజరుకి తెలియకుండా చేసి ఉంటాడనుకున్నాను. తెల్లారి ఆ లాడ్జీలో పనిచేసే వాళ్ళందరి చేతులూ చూశాను. అందరికీ వేళ్ళున్నాయి. కాళ్ళు పొంగినవాడు ఒక్కడూ లేడు. చెంబు చూపించి ఎవరిదని మేనేజరుని అడిగితే దాన్ని ముట్టుకోలేదు.

"మాది కాదు. మీ వోలదే అయ్యుంటాది. అట్టుకుపో" అన్నాడు.

చీటీ దొరికింది. డాక్టరు నిజంగానే మంచివాడు. కసరకుండా, తొందరపడకుండా చూశాడు. మందులు రాశాడు, తినకూడనివి చెప్పాడు. తమ్ముడు ఆ తర్వాత మానకుండా వెళ్ళాడు. అలా ఇంకొన్నేళ్ళు మా మధ్య ఉన్నాడు, కూతురి బిడ్డని ఎత్తుకున్నాడు.

ఇంటికి వచ్చాక నా భార్య ఆ చెంబుని చింతపండు పెట్టి తోమింది. మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు తేలాయి. పెళ్ళి సామాన్ల మీద పేరూ ఊరూ చెక్కించడం మా వైపు అలవాటు. లోకనాథం అని ఉంది. ఊరు కవిటి వైపుది. ఆ ఊరి పేరు రాయను, లోకనాథం భార్య ఇంకా అక్కడే ఉంది.

వస్తువు ఎవరిదో వాళ్ళకి చేర్చాలి కదా. తమ్ముడికి కాస్త నెమ్మదించాక ఇద్దరం వెళ్ళాం. లోకనాథం భార్య కొబ్బరి పీచు ఆరబెడుతోంది. చెంబు చూడగానే చేతిలో పని వదిలేసింది. తన పుట్టింటివాళ్ళు పెట్టిన చెంబట. ఎక్కడ దొరికిందో నేను చెప్పేలోపే తమ్ముడు ఉండబట్టలేక అడిగేశాడు.

"అప్పా, మీ ఆయనకి ఎడం సేతి సిటికెనేలు లేదేటి?"

కొబ్బరికాయ వలుస్తుండగా చిన్నప్పుడే తెగిపోయిందని చెప్పింది. చెప్పి, నీకెలా తెలుసన్నట్టు వాడి మొహంలోకి చూసింది.

ఆ లాడ్జీ మేడ మీద ఎవరో చెంబు ఇచ్చారని చెప్పాం. తర్వాత మిగతాదంతా ఆమే చెప్పింది. అంతకు ముందు ఏడాది భార్యాభర్తలిద్దరూ అదే డాక్టరు కోసం టెక్కలి వెళ్ళారు. అన్నిచోట్లా కాదన్నాక ఆ లాడ్జీకే వచ్చారు. మేనేజరు ఆయన్ని మెట్టు ఎక్కనివ్వలేదు. పోనీ నీళ్ళైనా పోసివ్వమని ఆమె చెంబు ఇస్తే పనివాడు లోపలికి పట్టుకెళ్ళాడు. ఈలోగా మేనేజరు బయటికి వచ్చి అరిచాడు. చెంబు తిరిగి రాలేదు, నీళ్ళూ రాలేదు. ఆయన ఇంక చాలన్నాడు. ఆఖరి బస్సుకి తిరిగి వచ్చేశారు. ఎంతమంది చెప్పినా మళ్ళీ చూపించుకోలేదు. ఆ ఏటి కొబ్బరి దింపు చూడకుండానే పోయాడు.

చెంబు ఆ లాడ్జీలో ఎందుకుందో నాకు తెలిసిపోయింది. అక్కడి వరకు అంతా లెక్కకి అందుతుంది. నువ్వు వెళ్ళిపోకు, నేను వెళ్ళిపోయాను అని ఆ మనిషి అన్న మాట తమ్ముడు ఆమెకి చెప్పాడు. ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్ళి అదే చెంబు నిండా నీళ్ళు తెచ్చి మా ఇద్దరి కాళ్ళ దగ్గరా పెట్టింది. గడపలోకి వచ్చిన మనిషికి ముందు చేసే మర్యాద అది. మేము కాళ్ళు కడుక్కునేదాకా నిలబడి, అప్పుడు నన్ను అడిగింది.

"ఆ లాడ్జీ వోలు ఆయన్ని మెట్టు ఎక్కనియ్యలేదు గదా అన్నియ్యా. మరి మేడ మీదకి ఎవులు రానిచ్చినారు?"

చదివిన కాగితాలన్నీ గుర్తు చేసుకున్నాను. ఇరవై ఏళ్ళు కావస్తోంది, తమ్ముడూ లేడు. ఆ ఆడమనిషికి నేను ఇంతవరకూ సమాధానం చెప్పలేకపోయాను.