నాలుగో నిమ్మకాయ

మా అత్తమ్మ మోండా మార్కెట్‌కు పోయిందంటే చాలు, నాకు గుండె దడదడ కొట్టుకుంటది. అందరు నవ్వుతరు. నవ్వనీ, వాళ్లదేం పోయింది?

మా ఆయన అల్వాల్‌ల ఇంటెనక రేకుల షెడ్డుల ఒక విమానం తయారుచేసిండు. పోటీల్ల పల్టీలు కొట్టేది, ఒక్కరే కూర్చునేది. రెక్కలు తేలిగ్గుండాలె, విరగొద్దు. చేసిందే మళ్ల చేసిండు. కార్బన్ గుడ్డకు రెజిన్ జిగురు పూసి పూసి నా చేతుల తోలు సుత లేచింది. షెడ్డుల ఒకటే రూలు: లోపలికి ఎవరొచ్చినా జేబులు దులుపుకోవాలె. విమానం తలకిందులైనప్పుడు చిన్న నట్టు ఎగిరొచ్చి, విమానాన్ని లేపి దించే స్టిక్ కాడ ఇరుక్కున్నా మనిషి మిగలడు. అందుకే పని అయినంక లోపల పడ్డవి రాలేటట్టు రెక్కల్లేని విమానాన్ని తిరగేసి ఊపేటోళ్లం. రెక్కలు బిగించినంక అది కుదరలే.

దసరాకు ఆయుధపూజ చేసినం. అత్తమ్మ కారుకు తెచ్చినట్టే నాలుగు నిమ్మకాయలు తెచ్చింది, చక్రాల కింద పెట్టి తొక్కించనీకి. విమానానికి మూడే చక్రాలు. నాలుగో కాయ ఏమైందో ఆ గడబిడల ఎవ్వరం పట్టించుకోలే.

తర్వాత ఊరి బయట రన్‌వే మీద మొదటి పల్టీ. ఆయన పైకి లేచిండు. నేను రేడియో పట్టుకొని పరేషాన్ అయితున్న. పక్కన అత్తమ్మ నిమ్మలంగ నిలబడ్డది.

"భయం లేదా అత్తమ్మా?"

"భయమెందుకు బిడ్డా? మిగిలిన నిమ్మకాయ వాని సీటు కిందనే పెట్టిన. వాన్ని కాపాడుతది."

"తిప్పకు! తిప్పకు!" అని రేడియోల మొత్తుకున్న. అప్పటికే విమానం వెల్లకిలైంది. మళ్ల సక్కగై, ముక్కు కిందికి పెట్టింది. లేవలే. కిందికి వస్తనే ఉన్నది. నేను కండ్లు ముయ్యలే, మూస్తే ఆయన పోతడనిపించింది.

ఆఖరికి ముక్కు లేచింది. దిగినంక చూస్తే ఆయన ప్యాంటంత నిమ్మరసం. స్టిక్ మొదట్ల ఇరుక్కున్న కాయ, స్టిక్‌ను రెండు చేతులతోని గుంజితే పగిలిందంట.

"అమ్మకు చెప్పకు, తట్టుకోదు," అన్నడు. నాకు ఒళ్లు మండింది. అయినా చెప్పలే. అత్తమ్మ ఆ తొక్కను కండ్లకద్దుకొని, "చూసినవా, వాని గండం ఇది తీసుకున్నది," అన్నది.

మళ్ల దసరా వచ్చింది. ఆయన పోటీకి తయారైతుండు. పొద్దున అత్తమ్మ మార్కెట్ నుంచొచ్చి సంచిల చెయ్యి పెట్టింది.

"నిమ్మకాయ పగిలిపాయె బిడ్డా. ఈసారి పగలనిది తెచ్చిన."

ఆమె అరచేతిల బొటనవేలంత ఇత్తడి ఆంజనేయస్వామి ఉన్నడు.